ఇరవై ఒకటో రాడ్డు

శ్రోతలందరికీ నమస్కారం.

దేవరకొండ వైపు బత్తాయి తోటలు పెట్టినవాళ్లకు బోరు బండి చప్పుడు ఎట్లా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. నా చిన్నతనంలో ఒక ఎండాకాలం ఆ బండి మా చెలకలోకి దిగింది. ఉన్న బోరు ఎండిపోయింది. చెట్లకు నాలుగేళ్లు. రేపో మాపో కాపుకొస్తాయనుకుంటుంటే ఆకులు ముడుచుకోవడం మొదలైంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఆయన వచ్చి పాయింటు చూపించి వెళ్లాడు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మా నాయిన, ఆ కొబ్బరికాయ లేచి నిలబడ్డచోటే గడ్డపారతో గుర్తు పెట్టాడు. భయం మనిషి చేత ఏమైనా చేయిస్తుంది.

రాడ్డు 20 అడుగులు. ఒక్కోటి దిగుతుంటే నాయిన వేళ్లు ముడుస్తున్నాడు. పైకి ఎగజిమ్మే బండ పొడిని దోసిట్లో పట్టి, తేమ తగులుతుందేమోనని నలిపి చూస్తున్నాడు. 15వ రాడ్డుకు కాస్త తడి తగిలినట్టనిపించింది. "ఇంకో రెండు దింపుదామా పటేలా?" అన్నాడు బండాయన. రెండు కాస్తా ఆరయ్యాయి. 21వ రాడ్డు, 420 అడుగులు. అప్పటికీ పొడి దుమ్మే. పొద్దుగూకేసరికి బండి వెళ్లిపోయింది. మా నెత్తుల మీద, చెట్ల మీద, చివరికి కుక్క మీద కూడా తెల్లటి పొడి.

ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఆ రాత్రి గురించి. అంతకుముందు దావీదు సంగతి కొంచెం చెప్పాలి.

బైబిల్లో గొల్యాతు అనే మహాకాయుణ్ని పడగొట్టిన దావీదు మనందరికీ తెలుసు. అదే దావీదు తర్వాత సౌలు రాజుకు భయపడి పారిపోయిన కథ మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. చేతిలో ఆయుధం లేదు. నోబు అనే ఊళ్లో యాజకుడి దగ్గర దాచి ఉన్న గొల్యాతు కత్తినే అడిగి తీసుకున్నాడు. అంతటి కత్తి ఇంకోటి లేదన్నాడు. తీసుకుని ఎక్కడికి పోయాడు? గాతుకు. అది గొల్యాతు సొంత ఊరు! అంత తెలివైన మనిషికి ఆ మాత్రం తోచలేదా అనిపిస్తుంది నాకు. అక్కడివాళ్లు గుర్తుపట్టారు. ఆ కత్తి ఎందుకూ పనికిరాలేదు. ఊరి ద్వారం తలుపుల మీద గీతలు గీస్తూ, గడ్డం మీదికి చొంగ కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించి బయటపడ్డాడు.

56వ కీర్తన శీర్షిక, దాన్ని గాతులో ఫిలిష్తీయులు, అంటే గొల్యాతు జాతివాళ్లు, దావీదును పట్టుకున్న సందర్భానికి ముడిపెడుతుంది. నాకు భయం కలిగిన రోజున నిన్నే ఆశ్రయిస్తాను అంటాడందులో దేవుడితో. భయం పోయాక అనలేదు, భయం కలిగిన రోజునే అన్నాడు. దేవుణ్ని కాక నన్ను నేను నమ్ముకోవడమంటే గర్వంగా ఛాతీ విరుచుకు తిరగడమనే చాలా ఏళ్లు అనుకున్నాను. కాదు. ఎక్కువసార్లు అది రాత్రిపూట చీటీ మీద లెక్కలేసుకోవడంలా ఉంటుంది. అంతా నా మీదే ఉంది, నేను నిద్రపోతే ఇల్లు కూలిపోతుంది అన్నట్టు.

ఆ రాత్రి మా నాయిన చేసింది అదే. అన్నం ముట్టలేదు. దీపం దగ్గర కూర్చుని, చీటీ మీద ఈ బోరు బాకీ, ఇంకో మూలకు ఇంకో బోరు, నూటికి మూడు వడ్డీ రాసుకుంటున్నాడు. కొట్టేస్తున్నాడు, మళ్లీ రాస్తున్నాడు.

మా నాయనమ్మ లేచి వచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

"ఎన్నిసార్లు రాస్తవ్ కొడుకా, రాస్తె నీళ్లొస్తయా?"

"మరేం జెయ్యమంటవ్?"

"ఇటు తే."

చీటీ లాక్కుని బైబిల్లో ఎక్కడో ఒకచోట పెట్టి మూసింది. "ఈ రాత్రికి ఇది ఆయన కాడుంటది. నీకు కావాల్నంటే పొద్దుగాల తీస్కో. లే, బువ్వ తిను." పెద్ద ప్రార్థనేమీ చెయ్యలేదు. నాయిన కంచం ముందు కూర్చుని, తలవంచి, చాలాసేపటికి ముద్ద ఎత్తాడు.

తెల్లారితే ఏదో అద్భుతం జరిగిందని చెప్పడం రేడియోలో తేలిక. బోరులో నీళ్లు పడలేదు. కానీ దావీదుకు గాతు తర్వాత దొరికింది కూడా సింహాసనం కాదు, అదుల్లాము గుహ. అక్కడ ఆయన దగ్గరికి చేరినవాళ్లు ఎవరో చూడండి: ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, అప్పులపాలైనవాళ్లు, మనసు చెడినవాళ్లు, దాదాపు 400 మంది. అది చదివినప్పుడల్లా నాకు మర్నాడు పొద్దున మా వేపచెట్టు కింద చేరినవాళ్లు గుర్తొస్తారు. అందరివీ ఎండిన బోర్లే. నాయిన వడ్డీకి తేవడానికి వెళ్లలేదు. పక్క చెలక పెద్దాయన, తన బావిలో ఊరే నీళ్లలో వారానికి రెండు వంతులు ఇస్తానన్నాడు. గట్టు తగాదాతో మూడేళ్లుగా మాటల్లేని మనిషాయన. అడగడానికి నాయిన ఎంత దిగాడో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇల్లు దగ్గరి వరసల్లో 60 చెట్లు దక్కాయి. మిగతావి కట్టెలయ్యాయి.

ఆ చీటీ చాలా ఏళ్లు బైబిల్లోనే ఉండిపోయింది. వెనక వైపు ఖాళీగా ఉంటే మా అమ్మ పాల లెక్క రాసుకుంది.