ట్రయల్ రూం బంద్... నాన్న అంగి పట్టుకుని షాపింగ్ | నల్లగొండ వ్లాగ్, 2021 ఆషాఢం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? న్యూజెర్సీ నుంచి మా నల్లగొండకు వచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. వెనకాల మోత మా అమ్మ మిక్సీది, ఇడ్లీలోకి పల్లీ చట్నీ అవుతోంది. ఆపమని అడిగే ధైర్యం నాకు లేదు, దాంతోపాటే వినేయండి.

ఈసారి ప్రయాణం గోల పోయిన వీడియోలో చెప్పాను కదా. ఫ్లైట్‌కి 72 గంటల లోపు ఆర్టీపీసీఆర్ అనే కరోనా టెస్టు, ఆ రిపోర్టు ఎయిర్ సువిధ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎక్కించడం, అది ఎక్కిందో లేదో అని టెన్షన్. పైగా 2021 మే 4 నుంచి ఇండియా వైపు నుంచి అమెరికాకు వెళ్ళేవాళ్ళ మీద ఆంక్షలు. గ్రీన్ కార్డు వాళ్ళకు మినహాయింపు ఉండబట్టి ధైర్యం చేసి బయల్దేరాను. శ్రావణంలో మా చిన్నమ్మ కూతురి పెళ్ళి. సూట్‌కేసుల నిండా చాక్లెట్లు, విటమిన్ గోళీలు, అమ్మ అడిగిన నాన్‌స్టిక్ పెనం. పెళ్ళి బట్టలకు చోటు లేదు. ఊళ్ళో కొనుక్కుంటే పోలా అనుకున్నాను.

2021 జూన్ 20న ఇక్కడ లాక్‌డౌన్ ఎత్తేశారు. ఇప్పుడు ఆషాఢం ఆఫర్లు. రెండూ కలిసొచ్చేసరికి ప్రకాశం బజార్‌లో జనాన్ని చూస్తే, కరోనా అనేది మనం టీవీలో చూసిన సీరియలేమో అనిపిస్తుంది. మాస్కులున్నాయి, కాదనను. సగం గడ్డాల కింద ఉన్నాయి. మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల ఫైను అన్నారు కాబట్టి, క్లాక్ టవర్ దగ్గర పోలీసు కనబడగానే అన్నీ ఒక్కసారి ముక్కు మీదికి ఎక్కుతాయి.

మేం వెళ్ళిన షాపు పేరు చెప్పను, వాళ్ళ తప్పేం లేదు. గుమ్మంలో సెక్యూరిటీ ఆయన మణికట్టుకు ఆ జ్వరం చూసే గన్ను పెట్టాడు. కాలితో తొక్కితే చేతిలో శానిటైజర్ పడే స్టాండు ఉంటుంది చూశారా, మా చిన్నోడికి అది తెగ నచ్చింది. నాలుగుసార్లు తొక్కాడు. లోపల చుడీదార్ల సెక్షన్‌లో నెమలి కంఠం రంగుది ఒకటి చూశాను. ఎక్కడ వేసుకుని చూడాలి అని అడిగితే, సేల్స్ అబ్బాయి మాట్లాడకుండా మూలకు చెయ్యి చూపించాడు. ట్రయల్ రూం తలుపుకు అడ్డంగా ఛాతీ ఎత్తు వరకు చీరల డబ్బాలు. వాటి మీద స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం: 'కరోనా వల్ల ట్రయల్ రూం బంద్'. నిరుడు ఎప్పుడో అంటించినట్టున్నారు, మూలలు లేచిపోయాయి. ఇంక ఆ గది గోడౌనే.

నిజానికి ఇది నాకు కొత్త కాదు. 2020 ఎండాకాలంలో అమెరికాలో షాపులు మళ్ళీ తెరిచినప్పుడు అక్కడా చాలా చోట్ల ఫిట్టింగ్ రూములకు తాళాలే. కానీ అక్కడ ఒక ప్యాంటు కావాలంటే మూడు సైజులు తెచ్చుకున్నాను. ఇంట్లో బెడ్రూమే ట్రయల్ రూం. ఒకటి ఉంచుకుని రెండు వాపసు. వాపసు వచ్చినవాటిని చాలా షాపులు వెంటనే హ్యాంగర్‌కు తగిలించకుండా, ఒకటి రెండు రోజులు పక్కన పెట్టి అప్పుడు బయటికి తీసేవి. బట్టలకు కూడా క్వారంటైన్ అన్నమాట. ఇక్కడ బిల్లు మీద మొదట్నుంచీ ఒకటే మాట: 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' మామూలు రోజుల్లో బిల్లు చూపిస్తే సైజు మార్చేవాళ్ళట, కరోనా వచ్చాక అదీ ఆపేశారట. అంటే గది మూసింది వాళ్ళు, సైజు తప్పితే నష్టం మనది.

అయినా ఒక మాట. చాలామంది బట్టలు ముట్టుకుంటే అంటుకుంటుందని భయపడ్డారు. నేను కూడా మొదట్లో కొత్త టీషర్టును మూడు రోజులు గరాజ్‌లో పెట్టిన బాపతే. 2021 ఏప్రిల్‌లో అమెరికాలో సీడీసీ వాళ్ళు, అంటే అక్కడి ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ, ఏం చెప్పారంటే, వైరస్ అంటిన వస్తువును ముట్టుకున్నా, ఒక్కోసారికి సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువేనట. నన్నడిగితే అసలు భయపడాల్సింది ఆ అగ్గిపెట్టె గదికి. కిటికీ ఉండదు, గాలి ఆడదు, ఒకరి తర్వాత ఒకరు మాస్కు తీసి తల దూర్చి బట్ట వేసుకోవడం. ఇన్నేళ్ళు అందులో ఎట్లా నిలబడ్డామా అనిపిస్తుంది.

సరే, చుడీదార్ సంగతి. అమెరికాలో నేను మీడియం. ఆ మాట సేల్స్ అబ్బాయికి గర్వంగా చెప్పాను. అతను నన్ను ఒక్కసారి చూసి, ఎంతో మర్యాదగా, 'అక్కా, మీకు డబులెక్సెల్ పడ్తది' అన్నాడు. మాస్కు ఉండబట్టి సరిపోయింది, నా మొహం ఎవరికీ కనబడలేదు. ఎక్సెల్ చాలు అని పట్టుబట్టాను. పదహారు నెలలు ఇంట్లో కూర్చుని పని చేసిన ఒళ్ళు ఇది, ఆ లెక్క అబ్బాయి కంటికి తెలిసింది, నాకు తెలియలేదు. పక్క కౌంటర్‌లో ఒకాయనకు ఇంకో అబ్బాయి ప్యాంటు నడుము మడిచి మెడ చుట్టూ తిప్పి చూస్తున్నాడు. రెండు కొనలూ మెడ వెనక కలిస్తే నడుము సరిపోతుందని లెక్క. ఆయన మాస్కు తాడు ప్యాంటు హుక్కుకు చిక్కుకుని ఒకటే గొడవ. పొట్ట ఉన్నవాళ్ళకు ఈ మెడ లెక్క పని చెయ్యదు, ఆయనకు పొట్ట ఉంది.

ఇంతలో అమ్మ తన గుడ్డ సంచిలోంచి రెండు తీసి గ్లాసు కౌంటర్ మీద పెట్టింది. ఒకటి నా ఆది జాకెట్టు, అంటే కొలతకు ఇచ్చే పాత జాకెట్టు. రెండోది నాన్న తెల్లంగి.

నాన్నకు 68. అరవై ఐదు దాటినవాళ్ళు ఇంటి పట్టునే ఉండమని, నిరుడు మాల్స్ తెరిచిన రోజు నుంచీ చెప్తూనే ఉన్నారు. పైగా ఏప్రిల్ ఆఖర్లో, రెండో వేవ్‌లో, నాన్నకు వచ్చింది. పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాడు. నేను అక్కడ ఫోను పట్టుకుని కూర్చున్నాను. అది ఇంకో వీడియోలో కూడా చెప్పను, వదిలేయండి. అందుకే మనిషికి బదులు ఆయన అంగి షాపుకు వచ్చింది.

ఆదితో కొలవడం ఎట్లాగో కొంచెం దగ్గర్నుంచి చూపిస్తాను. అంగిని బోర్లా పరిచి ముడతలు లేకుండా చేత్తో సాపు చెయ్యాలి. ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టుకు టేపు పెడితే పద్దెనిమిదిన్నర వచ్చింది. ఈ చంక కింద నుంచి ఆ చంక కిందికి ఇరవై రెండున్నర, దాన్ని రెట్టింపు చేస్తే నలభై ఐదు. 'మరి కాలర్ మీద 42 అని ఉందేంటి' అన్నాను. సేల్స్ అబ్బాయి నవ్వాడు. 42 అంటే మనిషి ఛాతీ, అంగి దానికన్నా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువుంటేనే ఊపిరాడుతుంది, చెయ్యి లేస్తుంది. ఇన్నేళ్ళొచ్చి ఇది నాకు ఇప్పుడు తెలిసింది. అమ్మ మాత్రం టేపును నమ్మదు. కొత్త అంగిని పాతదాని మీద పెట్టి, భుజానికి భుజం, చంకకు చంక కలిపి, అంచుల వెంబడి వేలు పోనిచ్చి చూసింది. పాతది చాలాసార్లు ఉతికింది కదా, పొడవులో బెత్తెడు తక్కువుంది. 'ఉతికితే గిది గూడ గుంజుకుంటది, సరిపోతది' అంది.

'అమ్మా, నాన్న చిక్కినట్టున్నాడు, 40 తీసుకుందామా?' అన్నాను.

'గదే కొలతకు తీస్కో బిడ్డా' అంది. అంతే. బిల్లింగ్ దగ్గరికి నడిచింది.

చీరల దగ్గర అసలు ఈ బాధే లేదు. ఆరు మీటర్ల పైచిలుకు గుడ్డ, లావైనా సన్నమైనా కుచ్చిళ్ళలో సర్దుకుంటుంది. అమ్మకు గద్వాల, నాకు పోచంపల్లి. గద్వాలలో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెండూ కలిసే చోట వెనక్కి తిప్పి వేలితో తడిమి చూస్తుంది అమ్మ. పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు, అందుకే పువ్వు అంచు కాస్త చెదిరినట్టుంటుంది. గీత గీసినట్టు మరీ నున్నగా ఉంటే అనుమానించాలి, ప్రింటు కావచ్చు. అన్నట్టు, 2016లో జిల్లాలు విడదీశాక పోచంపల్లి యాదాద్రి భువనగిరికి పోయింది. మా అమ్మ రికార్డుల్లో మాత్రం ఇంకా నల్లగొండలోనే ఉంది.

ఇంటికొచ్చాక అసలు ట్రయల్. నెమలి కంఠం చుడీదార్ తల దాటి దిగింది, చంకల దగ్గర ఆగింది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు. చేతులు పైకెత్తి అట్లాగే నిలబడి అమ్మను కేకేశాను. మా చిన్నోడు ఫోను తెచ్చి వీడియో తీశాడు. ఆ క్లిప్పు డిలీట్ చేశాను, కామెంట్లలో అడగొద్దు.

తర్వాత నాన్నను అంగి వేసుకోమన్నాను. వచ్చిన రోజు నుంచీ ఇంట్లో బనీను మీద తువ్వాల కప్పుకునే ఉంటున్నాడు. మొహం తగ్గిందని తెలుసు, మెడ కింద ఎంత తగ్గిందో నేను చూడలేదు. అంగి వేసుకుని గుండీలు పెట్టుకున్నాడు. భుజం కుట్టు భుజం దాటి చేతి మీదికి జారింది. మీది గుండీ పెట్టాక కాలర్లో నా నాలుగు వేళ్ళు పట్టాయి. అద్దంలో చూసుకుని, 'మంచిగుంది, రంగు మంచిగుంది' అన్నాడు. ఈ ముక్క వీడియోలో లేదు, ఫోను మంచం మీద పెట్టేశాను.

సాయంత్రం రెండూ పట్టుకుని రామగిరిలో మా టైలర్ కాక దగ్గరికి వెళ్ళాం. అమ్మ పెళ్ళి జాకెట్లు కూడా ఈయనే కుట్టాడట. కరోనా వచ్చాక ఆయన ఎవర్నీ ముట్టుకోడు. మిషన్ వెనక కూర్చుని టేపు అమ్మ చేతికిచ్చాడు. అమ్మ నన్ను కొలిచి అంకెలు చెప్తుంటే, ఆయన దూరం నుంచి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అమ్మ నడుము దగ్గర టేపు కొంచెం బిగించి ప్రేమగా తక్కువ చెప్పింది. 'వదినె, ఊపిరి తీస్కోనియ్ పిల్లను' అన్నాడు కాక, తల ఎత్తకుండానే. నా ఆది జాకెట్టు 2019ది, దాన్ని చూడను కూడా చూడలేదు.

చుడీదార్‌ను తిరగేసి చూసి పెదవి విరిచాడు. మన దగ్గర కుడితే పక్క కుట్టు లోపల అర అంగుళం అయినా బట్ట వదుల్తారు. ముందు ముక్కకు రెండు అంచులు, వెనక ముక్కకు రెండు, నాలుగు అంచుల్లోంచి అరేసి అంగుళం తీస్తే చుట్టూ రెండంగుళాలు వస్తుంది. ఇందులో కుట్టు పక్కకే కోసి, పోగులూడకుండా అంచు మీద ఓవర్‌లాక్ కుట్టు కొట్టేశారు. ఇప్పితే పోగులు తప్ప ఏం లేవు. 'చున్నీ కొసకు ముక్క తీసి చంకల కింద అతుకేస్త. చెయ్యి కిందికుంటే ఎవరికి కనవడది' అన్నాడు. పెళ్ళిలో చేతులెత్తి అక్షింతలు వెయ్యొద్దన్నమాట.

తర్వాత నాన్న అంగి. కాక దాన్ని రెండు చేతులతో పట్టి చూసి, పాత అంగి చూసి, అమ్మ మొహం చూశాడు. ఏం అడగలేదు. పక్కలు రెండంగుళాలు లోపలికి పట్టాలని సుద్దముక్కతో గీత గీశాడు. కాలర్‌కు చేసేదేం లేదు, మీది గుండీ విప్పి వేసుకోవడమే. కత్తెర తీసేసరికి అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

'కొయ్యకు. లోపలికి మలిచి కుట్టు.'

'మందంగ పడ్తది వదినె, చంక కింద ఒరుసుకుంటది.'

'ఒరుసుకోనీ. దసరాకు మల్ల ఇప్పాలె.'

కాక కత్తెర పక్కన పెట్టాడు. గీత మీద పెద్ద పెద్ద కుట్లు, ఒక దారం లాగితే ఊడొచ్చేటట్టు వేస్తానన్నాడు. రెండింటికీ కలిపి రెండొందలు. వచ్చే బుధవారం ఇస్తానన్నాడు. టైలర్ల బుధవారం సంగతి మీకు తెలిసిందే. ఇస్తే పెళ్ళి వీడియోలో చూపిస్తాను. ఉంటానండీ, మిక్సీ ఆగింది, ఇడ్లీలు చల్లారిపోతున్నాయని పిలుస్తోంది.