ఎపిసోడ్ 41: వీధి చివరి వాసన

అక్క: అందరికీ నమస్కారం. నిన్న పోలి పాడ్యమి. కార్తీకం అయిపోయింది, చలి షురూ అయింది. తమ్ముడు అదే మఫ్లర్ చుట్టుకొని కూసున్నడు. పాత శ్రోతలకు తెలుసు, ఏ మఫ్లరో.

తమ్ముడు: మొదలుపెట్టకు అక్కా.

అక్క: సరే సరే. ఇయ్యాల హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు గురించి చెప్తమని పోయినసారి మాటిచ్చినం. చెప్పు మరి.

తమ్ముడు: ఆదివారం ఆరున్నరకే గట్టు మీదున్నం. నీళ్ల మీదికెళ్లి పొగమంచు లేస్తున్నది. కొంచెం ఎండ తగిలినంక గడ్డి మొత్తం సాలెగూళ్లే. ఒక్కొక్క పోగుకు మంచు బొట్లు వరుసగ గుచ్చినట్టున్నయి. ఆ గూళ్లు రోజూ అక్కడనే ఉంటయి, మన కంటికి ఆనేది ఈ చలి పొద్దులల్లనే. 2016ల ఈ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలం అని ప్రకటించిన్రు. నగర ప్రాంతంల ఉన్న చెరువుకు ఆ గుర్తింపు దేశంలనే మొదటిసారి. ఇగ బాతులు...

అక్క: గట్టు పక్కన బండ సంగతి చెప్పవేంది?

తమ్ముడు: పక్షుల గురించి చెప్తున్న గదా.

అక్క: పక్షి కూసున్నది బండ మీదనే గదరా! 250 కోట్ల ఏండ్ల రాయి అది. తూర్పు దిక్కు ఆరింది, వెనక ఇంకా తడే ఉన్నది. ఆ ఆరిన జాగల తొండ ఒళ్లు కాచుకుంటున్నది. నేను పావుగంట దాన్నే చూసిన.

తమ్ముడు: అది బాగుండె, ఒప్పుకుంట. సరే, ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కొంపల్లి నుంచి, ఎప్పుడూ పంపే అమ్మాయే. వాళ్ల అన్న అమెరికా నుంచి ఎర్ర ఆకుల ఫోటోలు పెడుతున్నడంట. మన దగ్గర శరత్కాలం ఎందుకు కనపడదు అని అడిగింది.

అక్క: కనపడకపోవుడేంది? మనకు ఆకు రాలేది శిశిరంల, సంక్రాంతి దాటినంక. ఇప్పుడు మన దగ్గర రాలేది పువ్వు. పొద్దుగాల పారిజాతం చెట్టు కింద చూడమను. చెట్టుకున్నది తెంపరు, కింద పడ్డదే దేవునికి పెడతరు. మా వీధికి రాత్రి వస్తే ఇంకా మంచిది, కాడమల్లె వాసనకు కాళ్లు ఆగిపోతయి.

తమ్ముడు: మళ్లా అదే మాట. ఆ వాసన కాడమల్లెది కాదు, ఏడాకుల పాల చెట్టుది.

అక్క: కార్ల గంటసేపు ఇదే కొట్లాట.

తమ్ముడు: పక్కా చేసుకుందమని పొద్దున లేచి పోయి చూసొచ్చిన. వీధి చివర రెండు చెట్లూ ఉన్నయి. కాడమల్లె పువ్వుకు జానెడంత కాకున్నా పొడుగు కాడ ఉంటది, తెల్లగ, రాలితే నేల మీద చక్కగ కనపడ్తది. పాల పువ్వు చిన్నది, ఆకుపచ్చ కలిసిన తెలుపు, గుత్తులు గుత్తులుగ పూస్తది. రాలితే నూక చల్లినట్టుంటది. ట్రాన్స్‌ఫార్మర్ కాడ కార్ల మీద పడ్డది మొత్తం ఆ నూకనే.

అక్క: ఏడాకులున్నయా మరి?

తమ్ముడు: ఒక గుత్తికి ఆరు, ఒకదానికి ఏడు. ఐదున్నయి కూడ చూసిన.

అక్క: చూసినవా! పేరే తప్పాయె.

తమ్ముడు: పేరు తప్పైతే వాసన మారుతదా? ఆ చెక్కతో ఎన్కట పిల్లలు రాసుకునే పలకలు చేసెటోళ్లు. శాస్త్రీయ నామంల స్కొలారిస్ అని ఉన్నది అందుకే. శాంతినికేతన్‌ల స్నాతకోత్సవానికి దాని ఆకులు ఇస్తరు. చెట్టు గొప్పదే. వాసన మాత్రం నాతోని కాదు. సంస్కృత కవులు ఊకెనే ఏనుగు మదంతోని పోల్చలేదు.

అక్క: నాకు తియ్యగ అనిపిస్తది. కాడమల్లె సంగతి వేరే, దానికి దారం కూడ అక్కర లేదు. కాడకు కాడ మెలేసి జడ లెక్క అల్లొచ్చు. అమ్మ ఆరో క్లాసు దాంక అల్లి పెట్టింది నాకు. రాత్రి విచ్చిన పువ్వు పొద్దున మెట్ల మీద పడేది, ఇస్కూలుకు పోయేలోపు దండ తయారు. నీకు కిటికీ మూసేంత పగ ఎందుకురా ఆ పాల చెట్టు మీద?

తమ్ముడు: పగ కాదు.

అక్క: మరి?

తమ్ముడు: పోయిన కార్తీకం. దవాఖాన. అమ్మ వార్డు కిటికీ బయట ఆ చెట్టే ఉండె.

అక్క: ...అక్కడ చెట్టున్నట్టే నాకు యాదికి లేదు.

తమ్ముడు: నీకెట్ల తెలుస్తది? పగలు నువ్వు, రాత్రి నేను. పొద్దుగూకితే గాని వాసన గట్టిగ రాదు. తొమ్మిదైతే వార్డు నిండిపోయేది. అమ్మనే అన్నది ఒకసారి, కిటికీ జర వెయ్యి నాయినా అని.

అక్క: చెప్పలేదేందిరా ఇన్నొద్దులు.

తమ్ముడు: ఏం చెప్పాలె.

అక్క: గేటు లోపల ఒక పెద్ద బండ ఉండె. పగులగొట్టకుండ వదిలేసిన్రు, దాని చుట్టే దారి వేసిన్రు. మధ్యాహ్నం అమ్మ పండుకుంటే నేను దాని నీడల కూసునేదాన్ని.

తమ్ముడు: తెలుసు. రాత్రి నేను దాని మీదనే కూసున్న.

అక్క: అంత చలిలనా?

తమ్ముడు: పది దాటినా వెచ్చగుండేది. పగలంత ఎండకు కాగి ఉంటది గదా.

అక్క: అవును. నిదానంగ చల్లారుతది.

తమ్ముడు: ఇగో, వస్తున్నది చూడు. ఎనిమిదిన్నర కాలే, అప్పుడే.

అక్క: కిటికీ వేద్దునా?

తమ్ముడు: వద్దు, ఉండనీ.

అక్క: అమావాస్య వెళ్లిందే నిన్న, చీకటి మంచిగుంటది. పైకి పోదాం పా. పిల్లలకోడి, అదే కృత్తికల చుక్కల గుంపు, తూర్పున ఎక్కి ఉంటది ఈ పాటికి. మూడు చుక్కల గొల్లకావడికి ఎదురు అపార్ట్‌మెంట్ అడ్డమొస్తదేమో.

తమ్ముడు: కృత్తికల పున్నమి బట్టే కార్తీకం అని మొన్న చెప్పాలనుకున్న, నువ్వు చెప్పనియ్యలే.

అక్క: పైన చెప్దువు. మఫ్లర్ నాకియ్యి.

తమ్ముడు: మైకు ఇంకా—