చాప్ బ్యాట్‌కి ఏ రబ్బరు, కింద ఎంత స్పాంజి?

(విజయనగరంలో రెండు జిల్లాల టేబుల్ టెన్నిస్ కోచ్‌లు, ఆటగాళ్లు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చాప్, అంటే బంతిని పైనుంచి కిందికి కోసి వెనక్కి పంపే దెబ్బ, ఆడే పిల్లాడి బ్యాట్ చేతికి రాగానే మనం అడిగేది "ఏ రబ్బరు?" అని. కింద స్పాంజి ఎంత మందం అని మాత్రం ఎవరూ అడగరు. ఈరోజు ఎక్కువగా మాట్లాడేది దాని గురించే. పొడుగు బుడిపెలున్న రబ్బరు, అంటే ఒకే లాంగ్ పింపుల్స్ షీటు, స్పాంజి లేకుండా ఒకలా ఆడుతుంది, 0.5 మిల్లీమీటర్ల స్పాంజి మీద ఇంకోలా ఆడుతుంది. 1.3 మీద ఆడి చూస్తే అది ఆ రబ్బరేనా అని అనుమానమొస్తుంది.

ముందు బంతి సంగతి చూద్దాం. అవతలివాడు టాప్‌స్పిన్ లూప్ వేశాడు, అంటే బంతి ముందుకి తిరిగేలా కిందినుంచి పైకి రాసి కొట్టాడు. మన దగ్గరికొచ్చేసరికి ఆ బంతికి మనవైపున్న ముఖం పైనుంచి కిందికి తిరుగుతూ ఉంటుంది. బుడిపెలు పైకి కనబడని నున్నటి ప్లెయిన్ రబ్బరుని ఊరికే అడ్డం పెడితే అది ఆ ముఖాన్ని పట్టేస్తుంది, బంతి పైకి ఎగిరిపోతుంది. చాప్‌లో ఆ తిరుగుడుని ఆపకూడదు, అదే దిక్కులో ఇంకా తిప్పాలి. ప్లెయిన్‌తో అది జరగాలంటే బంతి ముఖం కంటే మన బ్యాట్ వేగంగా కిందికి దిగాలి. ఫోర్‌హ్యాండ్ చాప్‌కి చెయ్యి భుజం ఎత్తునుంచి ఎందుకు మొదలవుతుందో ఇప్పుడు తెలుస్తుంది కదా.

లాంగ్ పింపుల్స్‌కి అంత వేగం అక్కర్లేదు. బుడిపెల తలలకి పట్టు తక్కువ, పైగా పొడుగ్గా ఉంటాయి కాబట్టి గాలివానకి సరుగుడు తోట వాలినట్టు పక్కకి వాలిపోతాయి. బంతి తన తిరుగుడుని చాలావరకు తనే మోసుకుని వెనక్కి పోతుంది. అవతలివాడి టాప్‌స్పిన్ అతనికే బ్యాక్‌స్పిన్‌గా, అంటే వెనక్కి తిరిగే బంతిగా చేరుతుంది. అతను స్పిన్ లేని బంతి వేస్తే మన చాప్‌లోనూ పెద్దగా ఏమీ ఉండదు. అతను పుష్ చేస్తే, అంటే బంతిని కిందినుంచి కోసి బ్యాక్‌స్పిన్‌తో మెల్లగా నెడితే, మన పుష్ స్పిన్ లేకుండానో కాస్త టాప్‌స్పిన్‌తోనో పోతుంది. "పింపుల్స్‌తో బాగా కోశాను, అయినా వాడు కొట్టేశాడు" అని పిల్లలు ఏడిచేది ఇక్కడే. పుష్ మీద పుష్ వేసి, అది బరువైన బంతి, అంటే స్పిన్ బాగా ఉన్న బంతి అనుకున్నారు మరి.

ఇక స్పాంజి. స్పాంజి లేని షీటుని ఓఎక్స్ అంటాం. బుడిపెల వెనక నేరుగా చెక్కే ఉంటుంది కాబట్టి అవి పూర్తిగా వాలతాయి, స్పిన్ ఎక్కువగా తిరిగిపోతుంది. టేబుల్‌కి దగ్గరగా నిలబడి బ్లాక్ చేసేవాళ్లకి బాగుంటుంది. వెనక్కి వెళ్లి గట్టి లూప్‌ని చాప్ చేస్తే మాత్రం బంతి బ్యాట్ మీద నిలవదు. టక్కుమని చెక్క శబ్దమొస్తుంది, చేతికి దెబ్బ తెలుస్తుంది, బంతి పొడుగ్గా బయటికి పోతుంది. దాన్ని ఆపాలంటే మణికట్టు చాలా నెమ్మదిగా ఉండాలి. పన్నెండేళ్ల పిల్లాడి దగ్గర అది ఆశించకూడదు.

0.5 నుంచి 0.7 దాకా స్పాంజి ఉంటే దెబ్బలో కొంత అది మింగుతుంది. తిరిగిపోయే స్పిన్ కాస్త తగ్గినా, వరసగా పది లూప్‌లు తీసినా బంతి ఒకే లోతులో పడుతుంది. చాప్ మొదలుపెట్టేవాళ్లకి మా సలహా ఇదే. 0.8 నుంచి 1.0 దాకా వెళ్తే బుడిపెలు స్పాంజిలోకి కూరుకుంటాయి, వాలడం తగ్గుతుంది. స్పిన్ తనంతట తాను తిరగడం తగ్గి, మనం కోసి చేర్చే స్పిన్ పెరుగుతుంది. స్వింగ్ పూర్తిగా ఉన్నవాడికి అది లాభం. సగం స్వింగ్‌వాడికి బంతి నెట్ మీద బెత్తెడు ఎత్తున తేలుతుంది, తేలిన బంతిని ఎవడూ వదలడు. 1.3 దాటితే పింపుల్స్‌తో కొట్టడానికి వీలుంటుంది, చాప్ మీద అదుపు పోతుంది. బ్యాక్‌హ్యాండ్‌తో ఎప్పుడూ కొట్టని పిల్లాడికి అంత మందం కొనివ్వడం వృథా.

హాలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద పోటీల్లో ఆట స్థలం 14 మీటర్ల పొడుగు, 7 మీటర్ల వెడల్పు ఉంటుంది. టేబుల్ పొడుగు 2.74 మీటర్లు కాబట్టి ఒక్కోవైపు ఐదున్నర మీటర్ల పైనే చోటు. మన దగ్గర టేబుల్ వెనక రెండు మూడు మీటర్లకే గోడ తగిలే హాళ్లు తక్కువేం కాదు. అక్కడ సాధన చేసే పిల్లాడు బంతిని పైనుండగానే తీసుకుంటాడు, నడుం కిందికి దిగేదాకా ఆగలేడు. అందుకని స్పాంజి వద్దంటాడు, గోడ ముందు అతని మాట నిజమే. పెద్ద హాలుకి వెళ్లగానే అవతలివాడి లూప్‌కి బరువు పెరుగుతుంది, అదే ఓఎక్స్ చేతిలో నిలవదు. కాబట్టి పోటీలకి వెళ్లే పిల్లాడికి గోడని బట్టి స్పాంజి ఎంచకండి. వారానికి ఒకరోజైనా టేబుల్‌ని హాలుకి మూలగా తిప్పి వేసి వెనక చోటు చెయ్యండి.

ఇప్పటిదాకా చెప్పింది బ్యాక్‌హ్యాండ్ వైపు పింపుల్స్ గురించి. ఫోర్‌హ్యాండ్ వైపు ప్లెయిన్ రబ్బరు. చాప్ మాత్రమే ఆడితే 1.5 నుంచి 1.7 చాలు. కొట్టడం కూడా ఉంటే 1.9 దాకా వెళ్లొచ్చు. దక్షిణ కొరియా ఆటగాడు జూ సె హ్యూక్ 2003 పారిస్ ప్రపంచ పోటీల్లో సింగిల్స్ ఫైనల్‌కి చేరాడు. అతని బ్యాక్‌హ్యాండ్ పింపుల్స్‌తో సమానంగా ఫోర్‌హ్యాండ్ దాడీ అతన్ని అక్కడిదాకా తీసుకెళ్లింది. అతని సామాను చూసి మందం రబ్బరు కొనేముందు, అతని కాళ్లు కూడా మనకున్నాయా అని చూసుకోవాలి. స్పాంజి మరీ మెత్తనిదైతే గట్టి లూప్‌కి బంతి స్పాంజి దాటి చెక్కని తాకుతుంది, మళ్లీ అదే టక్కు. మధ్యరకం గట్టిదనం తీసుకోండి.

మన సముద్రపు గాలిలో ఇంకో చిక్కుంది. వానాకాలం సాయంత్రం ప్లెయిన్ రబ్బరు మీద తేమ పట్టి బంతి జారుతుంది, చాప్ నెట్‌లో పడుతుంది. పిల్లాడేమో స్వింగ్ తప్పనుకుని స్వింగ్ మారుస్తాడు. ముందు బ్యాట్‌ని నోటి ఆవిరి తగలకుండా పొడి గుడ్డతో తుడవమనండి.

2014లో ప్లాస్టిక్ బంతి వచ్చాక స్పిన్ తగ్గింది. మా దృష్టిలో పాత లెక్క ప్రకారం ఓఎక్స్ ఆడేవాళ్లకి ఎక్కువ నష్టం దానివల్లే. తిరిగి పంపడానికి వచ్చే స్పిన్నే తక్కువ, మనం చేర్చేది అంతకన్నా తక్కువ.

అతికించేటప్పుడు నీటి గమ్ వాడండి. స్పాంజికొక పలచటి పూత, చెక్కకొక పూత. తెల్లదనం పోయి పారదర్శకంగా కనబడేదాకా ఆగాలి, వానాకాలంలో ఇంకాసేపు. పిడివైపునుంచి మొదలుపెట్టి లాగకుండా పరచండి. పింపుల్స్ షీటుని లాగితే బుడిపెల మధ్య ఎడం పెరిగి ఆట మారుతుంది. ఓఎక్స్‌కి గమ్ షీటే మేలు, తడి గమ్ పలచటి రబ్బరుని ముడతలు పడేస్తుంది.

నిబంధనలు రెండు మాటల్లో: గమ్‌తో కలిపి స్పాంజి రబ్బరు 4 మిల్లీమీటర్లు దాటకూడదు, స్పాంజి లేనిది 2 మిల్లీమీటర్లు. పిడి దగ్గర అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య (ఐటీటీఎఫ్) గుర్తు కనబడాలి. బుడిపెలు విరిగిన షీటుని రిఫరీ ఒప్పుకోకపోవచ్చు, అందుకే పోటీకి ముందురోజు వెలుతురులో ఒక్కో వరస చూసుకోండి.

కొత్త మందానికి మారితే రెండు వారాలు రబ్బరూ చెక్కా మళ్లీ మార్చొద్దు. అవతలివాడితో ఒకే వేగంలో లూప్‌లు వేయించి, బంతి ఎక్కడ పడుతుందో సుద్దతో గుర్తు పెట్టండి. టేబుల్ చివరి గీతకి మూరెడు లోపల పడుతుంటే మందం సరిపోయినట్టే. గీత దాటిపోతుంటే ముందు స్వింగ్‌ని ఇంకా కిందికి దించి చూడండి, అప్పటికీ దాటితే మందం తగ్గించండి.

ఇప్పుడు టేబుల్ దగ్గరికి రండి. అక్కడ మూడు బ్యాట్‌లున్నాయి, చెక్క ఒకటే, రబ్బరు ఒకటే. ఒకదానికి స్పాంజి లేదు, ఒకదానికి 0.6, ఇంకోదానికి 1.0. ఏది ఏదో మేం చెప్పం. కళ్లు మూసుకుని శబ్దం విని మీరే చెప్పండి.