డాలరును ఎంతతో గుణించాలి?

(హన్మకొండలో డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక పెండ్లిలో, బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి తన కొడుకు సంగతి చెప్పాడు. అబ్బాయికి డల్లాస్‌లో ఉద్యోగం, నెలకు ఆరు వేల డాలర్లు. "మన లెక్కల ఐదు లక్షల మీదనే సార్" అన్నాడు. ఆయన సంతోషం నాకూ సంతోషమే. అయితే ఆ గుణకారంలో ఒక చిక్కు ఉంది. ఇవాళ నేను మాట్లాడేదంతా దాని గురించే.

2017 అంకెలు తీసుకుందాం. ఆ ఏడు డాలరు మారకం సగటున 65.12 రూపాయలు. అదే ఏటి ధరలను ప్రపంచ బ్యాంకు సమన్వయంతో 176 దేశాలు, ప్రాంతాల్లో పోల్చి, 2020లో ఫలితాలు ప్రకటించారు. అమెరికాలో ఒక డాలరుకు దొరికే సరుకులు, సేవలు మన దేశంలో సగటున 20.65 రూపాయలకు దొరుకుతున్నాయని తేలింది. ఈ రెండో అంకెనే కొనుగోలు శక్తి సమానత అంటారు, పొట్టిగా పీపీపీ.

ఆరు వేల డాలర్లను మారకం రేటుతో గుణిస్తే మూడు లక్షల తొంభై వేలు. పీపీపీతో గుణిస్తే లక్షా ఇరవై నాలుగు వేలు. ఆ అబ్బాయి డల్లాస్‌లో కిరాయి కట్టి, కూరగాయలు కొని, కటింగ్ చేయించుకుని గడిపే బతుకు, ఇక్కడ నెలకు లక్షా పాతిక వేలతో గడిపే బతుకుకు దగ్గరగా ఉంటుంది. అదే అతను మిగుల్చుకుని ఇంటికి పంపే వెయ్యి డాలర్లు మాత్రం నిండుగా 65 వేలు అవుతాయి. అక్కడ ఖర్చయ్యే డాలరుకు ఒక గుణకం, ఇక్కడికి దాటివచ్చే డాలరుకు మరొకటి. పిల్లలను పై చదువులకు పంపుదామనుకుంటున్న తల్లిదండ్రులారా, ఇది మీకు ఎదురుదిక్కుగా వర్తిస్తుంది. ఫీజు కట్టేనాడు బ్యాంకు మారకం రేటే అడుగుతుంది. అప్పు మాత్రం ఇక్కడి భూమి మీద, ఇక్కడి ఇంటి మీద ఉంటుంది.

కొనుగోలు శక్తి సమానత అనే మాటను మొదట వాడింది స్వీడన్ ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్, 1918లో. మొదటి ప్రపంచయుద్ధంతో ధరలు, మారకం రేట్లు చెల్లాచెదరైన కాలం అది. దేశాల ధరల నిష్పత్తి ఎట్లా ఉంటే మారకం రేటు అక్కడికే వచ్చి నిలుస్తుందని ఆయన వాదం. మన లాంటి దేశాల విషయంలో అట్లా జరగలేదు. 65 ఎక్కడ, 20 ఎక్కడ! ధరలను నిజంగా కొలిచి చూద్దామని 1968లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో క్రావిస్, హెస్టన్, సమ్మర్స్ అనే ఆర్థికవేత్తలు పూనుకున్నారు. 1970 నాటి తొలి పోలికలో పది దేశాలే ఉన్నాయి, అందులో భారత్ ఒకటి.

కొలవడం అంత తేలిక కాదు. బియ్యం అంటే ఏ బియ్యం? మనం తినేది సాంబమసూరి, బయటి దేశంలో అమ్మేది మరొకటి. జొన్నరొట్టెను దేనితో పోల్చాలి? 2025 ఉగాది నుంచి మన రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఉచితం. సున్నా ధరను ఏ గడిలో రాయాలి? ఈ చిక్కులు విప్పడానికి సూత్రాలు కట్టారు. వాటిలో ఒకదాని పేరు రావు పద్ధతి, ఆస్ట్రేలియాలో పనిచేసిన డి.ఎస్. ప్రసాదరావు పేరు మీద వచ్చింది. గణితం చదివే పిల్లలు తప్పక చూడవలసిన పని అది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన దగ్గర ఎందుకు చవక?

కటింగ్ షాపు తీసుకోండి. సుబేదారిలో కత్తెర పట్టినవాడు, షికాగోలో పట్టినవాడు గంటకు ఇంచుమించు అన్నే తలలు చూస్తారు. చేతి నైపుణ్యంలో మనవాడు వీసమెత్తు తక్కువ కాదు. కానీ షికాగోలో అతను కత్తెర కింద పెడితే, యంత్రాల బలంతో గొప్ప ఉత్పత్తి తీసే ఫ్యాక్టరీలో మంచి జీతానికి పని దొరుకుతుంది. అతణ్ని షాపులో నిలబెట్టాలంటే ఆ జీతానికి దగ్గరగా ఇవ్వాలి. మనవాడికి ఎదురుగా ఉన్నదేమిటి? అడ్డా మీద కూలి, లేదంటే ఉపాధిహామీ పని. 2025-26లో మన రాష్ట్రంలో దాని రోజు కూలి 307 రూపాయలు. అందుకే ఇక్కడ కటింగ్ చవక. ఆర్థికవేత్తలు బెలా బలాసా, పాల్ శామ్యూల్సన్ 1964లో వేర్వేరుగా చెప్పిన వివరణ సారాంశం ఇదే.

నాకు మనసులో గుచ్చుకునేది ఇక్కడే. "ఇండియాలో అంతా చవక" అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఇంట్లో అంట్లు తోమే అమ్మ, ఆటో నడిపే తమ్ముడు, ప్రైవేటు బడిలో పాఠం చెప్పే చెల్లె, వీళ్ల కూలి తక్కువ కాబట్టే ఆ చవక. కొనేవాడి లాభం అమ్మేవాడి లోటుగా ఒకే అంకెలో కూర్చుని ఉంది. ప్రపంచ సగటును 100 అనుకుంటే మన ధరల స్థాయి 2011లో 42.99, 2017లో 47.55. ఈ పెరుగుదలను చూసి నేను బాధపడను. కూలి పెరిగితేనే కటింగ్ పిరమవుతుంది.

ఇక వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు పోదాం. అక్కడ పత్తి ధర కటింగ్ ధర లాంటిది కాదు. పత్తి ఓడ ఎక్కుతుంది, తేజ మిర్చి చైనా దాకా పోతుంది. అక్కడ గిరాకీ తగ్గితే ఇక్కడ తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలో, అంకె మారుతుంది. రైతు ట్రాక్టర్‌లో పోసే డీజిల్, చల్లే పురుగుమందు కూడా లోకం ధరతోనే ముడిపడి ఉంటాయి. ప్రభుత్వం భారం మోస్తున్నందుకు యూరియా బస్తా 266.50కి వస్తోంది, అది వేరే సంగతి. పీపీపీ సగటులో ఈ రైతు బతుకు కనపడదు. చవకైన సేవల వైపు ఆయన ఒక కాలు, లోకం ధరల వైపు ఇంకో కాలు పెట్టి నిలబడ్డాడు.

2017 పీపీపీ లెక్కన మన ఆర్థిక వ్యవస్థ చైనా, అమెరికాల తరువాత మూడోది, ప్రపంచంలో 6.7 శాతం. అబద్ధం కాదు. కానీ ముడిచమురు కొనేటప్పుడు, విమానాలు కొనేటప్పుడు ఆ మూడో స్థానం అక్కరకు రాదు, అక్కడ మారకం రేటుదే రాజ్యం. పేదరికపు గీత గురించి మాట్లాడేటప్పుడు తప్పు తిరగబడుతుంది. ప్రపంచ బ్యాంకు వాడిన, మనిషికి రోజుకు 2.15 డాలర్ల గీతను మారకం రేటుతో గుణించి 140 రూపాయలు అంటారు. కానీ ఆ గీత పీపీపీ డాలర్లలో గీసింది, కనుక అది 2017 ధరల్లో రోజుకు 45 రూపాయల దగ్గర. హన్మకొండ బస్టాండులో 45 రూపాయలకు ఏమొస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఉత్తర తెలంగాణలో ఈ రెండు గుణకాల మధ్య సందును వంటి మీద మోసినవాళ్లు గల్ఫ్ కార్మికులు. జగిత్యాల దిక్కున మా పెద్దనాయిన కొడుకు పద్నాలుగేండ్లు దుబాయిలో ఉన్నాడు. ఒకే గదిలో పది మంది, వంతులవారీగా వంట. అక్కడి కూలి తీసుకుంటూ అక్కడి ధరల్లో బతకకుండా ఉండటమే ఆయన చేసిన పని. ఆర్థికశాస్త్రం చదవకుండానే ఆ సందును కనిపెట్టాడు. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది, కనుక రూపాయి పడినప్పుడల్లా ఆయన పంపే దిర్హమ్‌కు ఇక్కడ ఇంకొన్ని రూపాయలు ఎక్కువ వచ్చేవి.

ఆ పైసలతో మొదట ఇల్లు కట్టాడు. మేస్త్రీ, సెంట్రింగ్, తాపీ పని, అన్నీ ఊరి కూలి. దుబాయి చెమట అక్కడ మూడింతలు పనిచేసింది. తరువాత బిడ్డ పెండ్లికి బంగారం కొన్నాడు. బంగారానికి దుబాయిలోనైనా వరంగల్ చౌరస్తాలోనైనా దాదాపు ఒకటే ధర. ఏండ్ల తరబడి పది మందితో ఒకే గదిలో పడుకుని కూడబెట్టిన ఆ సందు, తులం తూచినంత సేపట్లో మూసుకుపోయింది.