ముందే ముగించాలన్న ఆత్రం

శ్రోతలకు నమస్కారం.

పని వాయిదా వేయొద్దని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఇంట్లో చెప్పారు, బడిలో చెప్పారు, 'ఆలస్యం అమృతం విషం' అని పలక మీద రాయించి మరీ చెప్పారు. బద్ధకస్తుణ్ని తిట్టడానికి మన దగ్గర మాటలకు కొదవ లేదు. కానీ అదను రాకముందే పని మీద పడి, ఎట్లనో అట్ల అయిపోతే చాలని ముగించేసే మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అనరు. పైగా చురుకైనవాడని మెచ్చుకుంటారు. ఇవాళ ఆ చురుకైన మనిషి గురించి కాసేపు మాట్లాడుకుందాం.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ రోజెన్‌బామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి ఒక ప్రయోగం చేశారు. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నడిచే దారికి ఒక పక్క ఒక బకెట్, రెండో పక్క ఇంకో బకెట్ పెట్టారు. ఒకటి నడక మొదలయ్యే చోటికి దగ్గర, రెండోది దారి చివరకు దగ్గర. 'నడుచుకుంటూ వెళ్లండి, ఏది సులువనిపిస్తే ఆ బకెట్ తీసుకుని చివర పెట్టండి' అని విద్యార్థులకు చెప్పారు. చివరన ఉన్నదాన్ని తీసుకుంటే నాలుగడుగులు మోస్తే సరిపోతుంది కదా! శాస్త్రవేత్తలు కూడా అట్లాగే అనుకున్నారు. తీరా చూస్తే ఎక్కువమంది ముందు కనబడ్డ బకెట్‌నే ఎత్తుకుని దారి పొడుగునా మోసుకుపోయారు. ఎందుకని అడిగితే, పని తొందరగా అయిపోతుందని అన్నారు. నిజానికి ఏ బకెట్ తీసుకున్నా చివరిదాకా నడవాల్సిందే. టైమ్ ఏమీ కలిసిరాలేదు, చేతికి బరువు మాత్రం ఎక్కువైంది. ఇది మనుషులకే ఉన్న తెగులు అనుకునేరు. మరుసటి ఏడు ఇంకో యూనివర్సిటీలో పావురాల మీద ప్రయోగం చేస్తే అవీ ఇట్లాంటి తొందరే చూపించాయి.

చదువుకున్న పిల్లలు ఇట్లా ఎందుకు చేశారు? శాస్త్రవేత్తలు చెప్పిన కారణం ఇది. 'బకెట్ తీయాలి' అన్న మాట తలలో ఉన్నంతసేపూ అది మెదులుతూనే ఉంటుంది. చేతికి బకెట్ వస్తే ఆ మాట తలలోంచి దిగిపోతుంది. తలబరువు దించుకోవడానికి చేతిబరువు ఎత్తుకుంటున్నామన్నమాట. ఆ తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. కొన్ని అంకెలు గుర్తుపెట్టుకోమని చెప్పి పని అప్పగిస్తే ఈ ఆత్రం ఇంకా పెరిగింది. తలలో ఎన్ని సంగతులు తిరుగుతుంటే ఏదో ఒకటి వదిలించుకోవాలని అంత తొందర పుడుతుంది.

ఇక అమెరికా బకెట్లు వదిలేసి మన చేన్లకు వద్దాం.

2025లో నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. రెండు రోజుల్లోనే తెలంగాణలోకి వచ్చాయి. రోహిణి కార్తెలోనే వానలు! మిరుగం, అంటే మృగశిర కార్తె, ఇంకా రానే లేదు. ఒకరు సాళ్ల కోసం అచ్చు తోలి పత్తిగింజ పెట్టారంటే, గట్టు అవతల రైతుకు ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. 'ఊరంతా పెట్టిండ్రు, మనదే మిగిలింది' అని ఇంట్లో కూడా పోరు మొదలవుతుంది. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోపలిదాకా తడిసి పదును ఎక్కిన తర్వాతే పత్తి పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. పైపైన ఒక్క వాన పడితే గింజ ఉబ్బుతుంది, మొలక కూడా మొదలవుతుంది. ఆపైన వారం రోజులు ఎండ కాస్తే ఆ మొలక నేలలోనే మాడిపోతుంది. 2025లో గింజల ప్యాకెట్ ధర 900 రూపాయల దాకా ఉండేది, ఎకరానికి రెండు ప్యాకెట్లు. గింజ ఖర్చు, కూలి ఖర్చు అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. మొలిచిన చోట మొలిచి, మొలవని చోట మళ్లీ పెడితే చేనంతా ఎగుడుదిగుడు. ఒక మొక్క పూత మీదుంటే దాని పక్కది రెండాకుల మీదుంటుంది. జూలై మధ్య దాకా కూడా పత్తి పెట్టుకోవచ్చని తెలిసిన రైతులే ఈ పని చేస్తారు. తెలియక కాదు, మనసు నిలవక.

పత్తి తీసేటప్పుడు కూడా ఇదే ఆత్రం. కూలీలు పొద్దున్నే చేనుకు వస్తారు, మంచు ఆరకముందే తీత మొదలవుతుంది. కిలోకింత అని కూలి కాబట్టి వాళ్లు ఆగరు, పని అయిపోవాలని రైతు కూడా ఆగమనడు. సగం విచ్చిన కాయలు కూడా సంచిలోకి పోతాయి. ఆ పత్తిని ఒక్క రోజైనా ఎండకు పరవకుండా ట్రాలీకి ఎత్తి, తెల్లారేసరికి వరంగల్ దారి పడతారు.

మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు ఉండే జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు) దగ్గర నిలబడి చూడండి. ట్రాలీ మీద పైపత్తి తెల్లగా మెరుస్తుంటుంది. కొనేవాళ్లు దాన్ని పట్టించుకోరు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు పత్తి లాగుతారు, తేమ మిషన్‌లో పెట్టి చూస్తారు. 'పచ్చిగుంది అన్నా' అన్న మాటతో రైతు మొహం వాడిపోతుంది. 2025-26 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం చొప్పున కోత, 12 శాతం దగ్గర అది 7,785 రూపాయల 60 పైసలకు దిగుతుంది. ఈ కోతలో పెద్ద అన్యాయం లేదనే నేనంటాను. పచ్చి పత్తి ఆ మేరకు బరువు కూడా తూగుతుంది, నీళ్లకు డబ్బులు ఇవ్వరు, అంతే. అసలు దెబ్బ 12 దాటిన తర్వాత. అప్పుడు సీసీఐ కొనదు. ట్రాలీ కిరాయి పెట్టుకుని వచ్చిన మనిషి సరుకు వెనక్కి తీసుకుపోలేడు. ప్రైవేటు వ్యాపారి ఎంతంటే అంత. రెండు రోజుల ఎండ తప్పించుకోబోయి ఏడాది కష్టాన్ని ఇంకొకరు చెప్పిన ధరకు అప్పగించి రావాలి.

ఇక్కడ ఒక మాట. రేడియోలో కూర్చుని 'ఆగండి' అని చెప్పడం తేలిక. పెట్టుబడికి తెచ్చిన అప్పు వడ్డీ రోజురోజుకూ పెరుగుతుంటే, ఇంట్లో పత్తి పోసుకునే జాగ లేకపోతే, రేపు వాన అని ఫోన్‌లో చూపిస్తుంటే ఎవరు ఆగుతారు? తలలో తిరిగే సంగతులు ఎక్కువైతే తొందర ఎక్కువవుతుందని ఇందాక చెప్పుకున్నాం కదా. అందుకే, తొందరపడ్డావని రైతును తప్పుపట్టే ముందు, ఊళ్లో సరుకు ఆరబోసుకోవడానికి కల్లాలు, కప్పుకోవడానికి టార్పాలిన్లు ఉన్నాయా అని అడగాలి.

హనుమకొండలోనో కాజీపేటలోనో ఇల్లు కట్టుకునే ఉద్యోగికి ఆ సాకు కూడా లేదు. గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టించుకుంటారు, కార్డులు కూడా అచ్చవుతాయి. ఇక అక్కడి నుంచి మేస్త్రీని తరమడమే. స్లాబ్ పోసిన తర్వాత కింద దాన్ని మోసే జాకీలు ఎన్ని రోజులు ఉంచాలో ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. ఓపీసీ అనే మామూలు సిమెంటుతో నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కు కనీసం 7 రోజులు, అంతకన్నా పెద్దదానికి 14 రోజులు. 6 మీటర్లు దాటిన బీములకైతే 21 రోజులు. కాంక్రీటు బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున. సెంట్రింగ్ సామాను ఇంకో ఇంటికి పోవాలని కాంట్రాక్టరుకు తొందర, గోడలు ఎప్పుడు లేస్తాయా అని ఓనరుకు తొందర. ఇద్దరి తొందరా కలిస్తే ఆరో రోజే జాకీలు ఊడతాయి. ప్లాస్టరింగ్ పచ్చి ఆరకముందే రంగులు వేయిస్తారు. చుట్టాలు వచ్చిపోయేదాకా గోడలు నిగనిగలాడతాయి. తర్వాత పొక్కులు పొక్కులుగా రంగు లేచిపోతుంది, ఆ బిల్లు మళ్లీ ఓనరుకే.

ఫోన్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మెసేజ్ పూర్తిగా చదవకముందే జవాబు పోతుంది. పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు పుట్టిన తేదీ ఒకసారి సరిచూసుకునే ఓపిక ఉండదు, తర్వాత దాన్ని దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగడానికి మాత్రం ఉంటుంది.

అట్లాగని అన్ని పనులూ నానబెట్టమని కాదు. కరెంటు బిల్లు ముందే కడితే నష్టం ఏమీ లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు చివరి రోజుకు పెట్టుకుంటే సర్వర్ మొరాయిస్తుంది. అవి మన చేతిలో ఉన్న పనులు, ముందే చేసినా ఫలితం మారదు. గింజ, కాంక్రీటు, పత్తి అట్లాంటివి కావు. వాటి లోపల జరగాల్సింది ఇంకా జరుగుతూ ఉంటుంది.

మరి ఆగినన్ని రోజులూ ఆ టెన్షన్ ఎట్లా భరించాలి? దీనికీ ఒక ప్రయోగం ఉంది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు, మిగిలిపోయిన పని తలలో మెదలకుండా ఉండాలంటే ఆ పని పూర్తి చేయనక్కర్లేదని చూపించారు. ఎప్పుడు, ఎట్లా చేస్తామో ఖాయం చేసుకుంటే చాలట, మనసు కుదుటపడుతుంది. మన ఇళ్లల్లో గోడకు తెలుగు క్యాలెండర్ ఎట్లాగూ ఉంటుంది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ దాని మీదే రాసుకుంటాం. స్లాబ్ పోసిన రోజున పద్నాలుగు గళ్లు లెక్కపెట్టి 'జాకీలు' అని రాయండి. చేన్లో ఎంత వాన పడిందో ఏ రోజుకారోజు ఆ గడిలోనే రాసి, కూడిక 60 మిల్లీమీటర్లు దాటిన రోజున గింజల ప్యాకెట్ విప్పండి. ఈలోపు గట్టు అవతలాయన వచ్చి 'ఇంకా పెట్టలేదా' అని అడుగుతాడు. క్యాలెండర్ చూపించండి.

సెలవు. నమస్కారం.