వెయ్యేళ్ల చెట్ల దగ్గర కుదిరిన సంధి

నమస్కారం. ఈరోజు కెనడా పశ్చిమ తీరంలోని అడవుల గురించి, వాటి కోసం జరిగిన పోరు గురించి మాట్లాడుకుందాం. అంతకంటే ముందు ఒక చెట్టు దగ్గర కాసేపు ఆగుదాం.

ఆ తీరంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు అడవుల్లో రెడ్ సీడార్ అనే చెట్లు వెయ్యేళ్లకు పైగా బతుకుతాయి. కొన్నింటి మాను మీద పొడవాటి మచ్చ ఉంటుంది. కింద వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి మొనదేలుతుంది. బుట్టలకు, చాపలకు, తాళ్లకు అక్కడి ఆదివాసులు బెరడు తీసుకున్న గుర్తు అది. మాను కింద అడ్డంగా గాటు పెట్టి, బెరడు కొసను పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. పట్టీ పైదాకా ఊడివస్తుంది. చుట్టూ ఒలిచేస్తే చెట్టు ఎండిపోతుంది కాబట్టి ఒక పక్కనే తీస్తారు. గాయం అంచులు మెల్లగా పూడుతుంటాయి, చెట్టు తన మానాన తాను పెరుగుతూనే ఉంటుంది.

ఈ మచ్చలే తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పాయి. అదే తీరంలోని మీర్స్ ద్వీపంలో కలప కోసం చెట్లు నరకబోతే, తరతరాలుగా ఈ అడవిని వాడుకుంటున్నది మేమేనని ఆదివాసులు ఈ గుర్తులు చూపించారు. 1985లో కోర్టు ఆ నరికివేతను నిలిపివేసింది.

అక్కడితో గొడవ తీరలేదు. ఆ ద్వీపం ఉన్న క్లేక్వట్ సౌండ్ ప్రాంతంలో అత్యధిక భాగాన్ని కలప కోసం వదులుతూ 1993లో ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. ఆ వేసవిలో జనం రోజూ తెల్లవారకముందే వచ్చి లారీలు వెళ్లే దారికి అడ్డంగా కూర్చున్నారు. 850 మందికి పైగా అరెస్టయ్యారు. వారి ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే అవతల ఉన్నవారిని మరిచిపోవద్దు. ఊరంతా ఒక్క కలప మిల్లు మీద బతుకుతున్నప్పుడు, రంపం పట్టే మనిషికి ఆ దారి మూతపడటమంటే ఇంటి అప్పు కట్టలేకపోవడమే. అతన్ని అడవికి శత్రువుగా చూసినంతకాలం ఏ రాజీ కుదరదు.

మరి ఎలా కుదిరింది? అదే తీరంలో ఇంకా ఉత్తరాన, గ్రేట్ బేర్ అడవి ఉంది. 64 లక్షల హెక్టార్ల ప్రాంతం. ఎలుగుబంట్లు సాల్మన్ చేపలను ఒడ్డుకు లాక్కొచ్చి తింటే, మిగిలిన చేపలోని నత్రజని చెట్లలోకి చేరుతుంది. సముద్రం చెట్టుకు ఎరువు వేసే చోటు అది. గ్రీన్‌పీస్ వంటి సంస్థలు రోడ్ల మీద అడ్డుకోవడంతో ఆగకుండా, ఆ కలప కొనే విదేశీ వ్యాపారుల దగ్గరికి వెళ్లాయి. కొనేవారు వెనకాడటంతో కంపెనీలు మాటలకు వచ్చాయి.

ఇక్కడే నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించే అడుగు పడింది. 2000లో రెండు పక్షాలూ ముందుగా చేతులు ఆపుకున్నాయి. కంపెనీలు ముఖ్యమైన లోయల్లో నరకడం ఆపాయి. పర్యావరణ సంస్థలు కొనుగోలుదారుల మీద ప్రచారం ఆపాయి. చర్చ ఒక పక్క, రంపం ఒక పక్క సాగుతుంటే, ఒప్పందం రాసుకునేనాటికి మొద్దులే మిగులుతాయి. రంపం ఆగాకే నమ్మకానికి చోటు దొరికింది. ఆ తర్వాత అందరికీ సమ్మతమైన శాస్త్రవేత్తలు కూర్చుని, ఎంత అడవి ఉంటే ఆ అడవి అడవిగా నిలుస్తుందో లెక్క కట్టారు.

ఆదివాసీ జాతులతో ప్రభుత్వం మాట్లాడిన తీరు కూడా మారింది. పిలిచి అభిప్రాయం అడిగి పంపేయలేదు. ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వంతో మాట్లాడినట్టు మాట్లాడింది. 2006లో ఒప్పందం ప్రకటించారు. దాతల నుంచి సగం, ప్రభుత్వాల నుంచి సగం కలిపి 12 కోట్ల డాలర్ల నిధి సమకూర్చారు. అందులో కొంత అడవి కాపలాకు, కొంత అక్కడి జనం బతుకుతెరువుకు. 2016లో తుదిరూపం వచ్చింది. అక్కడి అడవిలో 85 శాతం నరికివేతకు శాశ్వతంగా దూరమైంది. మిగతా 15 శాతంలో కఠిన నిబంధనలతో పని సాగుతుంది. సుమారు ఇరవై ఏళ్ల శ్రమ ఇది.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో కలప పరిశ్రమ, కార్మిక సంఘాలు, పర్యావరణ సంస్థలు 2012లో చేతులు కలిపాయి. 2013లో చట్టం కూడా వచ్చింది. 2014 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, ఆ ఏడాదే చట్టం రద్దయింది. అది చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

బ్రిటిష్ కొలంబియాలోనే వాంకూవర్ ద్వీపంలో, ఫెయిరీ క్రీక్ దగ్గర 2021లో మళ్లీ అరెస్టులు మొదలై వెయ్యి దాటాయి. అక్కడి పచీడాట్ జాతి నాయకులు నిరసనకారులను వెళ్లిపొమ్మని కోరారు. మా అడవి సంగతి మేమే తేల్చుకుంటామన్నారు. కొద్ది వారాలకే మరో రెండు జాతులతో కలిసి, అక్కడి పాత చెట్ల నరికివేతను రెండేళ్లు ఆపమని వారే అడిగారు. ప్రభుత్వం ఒప్పుకుంది. అడవిని ప్రేమించేవాళ్లం మనం వారి మాటకు ముందు చోటివ్వాలి, అది మనకు నచ్చని రోజున కూడా.

గ్రేట్ బేర్ నిబంధనల్లో ఒకటి నాకు పదే పదే గుర్తొస్తుంది. నరకడానికి ముందు అక్కడ బెరడు మచ్చలున్న చెట్లు, పడవలు తొలవడానికి సరిపోయే పెద్ద సీడార్ మాన్లు ఎక్కడున్నాయో గుర్తించాలి. ఒక మాను అంత లావు కావడానికి కొన్ని వందల ఏళ్లు పడుతుంది. ఇంకా పుట్టని మనిషి తొలవబోయే పడవ కోసం ఇవాళ ఒకరు అడవిలో నడుస్తూ చెట్టు చుట్టుకొలత రాసుకుంటున్నారు.