పది అగోరోత్ నాణెం మీది దీపస్తంభం: హస్మోనీయుల పేరు ఇజ్రాయెల్‌లో ఎలా నిలిచింది

అందరికీ నమస్కారం. ఇజ్రాయెల్‌లో పెద్ద వయసు వారిని చూసుకునే పనిలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు, వారిలో నేనూ ఒకదానిని. హనుక్కా పండుగ రోజులు కావడంతో ఈ రోజు వ్లాగ్‌ను ఆ పండుగకు మూలమైన రాజవంశానికే కేటాయించాను.

ముందుగా ఈ రెండు నాణేలను దగ్గరగా చూడండి. కూరగాయలు కొన్నప్పుడు చిల్లరగా వచ్చినవే. పసుపు రంగులో ఉన్నది పది అగోరోత్. దాని మీద ఏడు కొమ్మల దీపస్తంభం ఉంది. క్రీ.పూ. 40 నుంచి 37 వరకు యెరూషలేమును ఏలిన మత్తతియ ఆంటిగోనస్ అనే రాజు ముద్రించిన నాణెం నుంచి తీసుకున్న బొమ్మ అది. తెల్లగా ఉన్నది రెండు షెకెల్‌ల నాణెం. దాని మీద పండ్లతో నిండిన జంట కొమ్ములు కూడా అదే వంశపు నాణేల నుంచి వచ్చినవే. ఆ వంశం పేరు హస్మోనీయులు. ఆ వంశ మూలపురుషుల కాలంలో వచ్చిన మరో పేరు మక్కబీ.

ఇక్కడ ఉండేవారికి మక్కబీ అన్న మాట రోజూ వినిపిస్తుంది. దేశంలోని నాలుగు ఆరోగ్య నిధులలో ఒకదాని పేరు అదే. 1906లో మొదలైన టెల్ అవీవ్ క్రీడా క్లబ్బు పేరు అదే. 1932 నుంచి ప్రపంచ యూదులందరి కోసం జరుగుతున్న మక్కబియా క్రీడల పేరూ అదే. టెల్ అవీవ్ నడిబొడ్డున హస్మోనీయుల వీధి ఉంది, యూదా మక్కబీ వీధి కూడా ఉంది. ఇన్ని చోట్ల గౌరవంగా నిలిచిన ఈ పేరును యూదుల సొంత పండితులే ఒకప్పుడు ఎంతో సంకోచంతో పలికారని తెలుసుకున్నప్పటి నుంచి ఈ కథను పూర్తిగా చెప్పాలనిపించింది.

యెరూషలేముకు, టెల్ అవీవ్‌కు మధ్యలో ఉన్న నేటి మోదియీన్ ప్రాంతంలోనే కథ మొదలవుతుంది. క్రీ.పూ. 167లో, అప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలుతున్న గ్రీకు సెల్యూకసు వంశపు రాజు నాలుగవ అంతియొకస్ సున్నతిని, విశ్రాంతిదినాన్ని నిషేధించాడు. యెరూషలేము ఆలయంలో గ్రీకు దేవుడి పేరిట బలులు అర్పింపజేశాడు. అటువంటి బలినే ఊరిలో అర్పించమని రాజు మనుషులు మోదియీన్‌కు వచ్చినప్పుడు, హస్మోనీయుల ఇంటివాడైన మత్తతియ అనే వృద్ధ యాజకుడు నిరాకరించడమే కాక, బలి ఇవ్వడానికి ముందుకు వచ్చిన తోటి యూదుణ్ణి, రాజోద్యోగిని బలిపీఠం దగ్గరే చంపి, యోహాను, సీమోను, యూదా, ఎలియాజరు, యోనాతాను అనే అయిదుగురు కొడుకులతో కొండలకు వెళ్ళిపోయాడు. మక్కబీ అన్నది మూడవ కొడుకు యూదాకు వచ్చిన బిరుదు. సుత్తి అనే అర్థం నుంచి అది వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. మూడేళ్ళ పోరాటం తరువాత, క్రీ.పూ. 164లో, కిస్లేవు నెల 25వ తేదీన, యూదా మనుషులు ఆలయాన్ని శుద్ధి చేసి తిరిగి ప్రతిష్ఠించారు. హనుక్కా ఆ ప్రతిష్ఠకు గుర్తు.

ఈ యుద్ధాలలో మన దేశానికి సంబంధించిన ఒక చిన్న ప్రస్తావన ఉంది. బేత్‌జెకర్యా దగ్గర జరిగిన పోరులో సెల్యూకసు సైన్యం ఏనుగులను దింపింది. ఒక్కొక్క ఏనుగు మీద చెక్క బురుజు, అందులో సైనికులు, వారితో పాటు ఒక భారతీయ మావటివాడు ఉన్నారని, ఈ తిరుగుబాటు చరిత్రను చెప్పే మక్కబీయుల మొదటి గ్రంథం 6వ అధ్యాయం చెబుతుంది. ఆ వంశానికి ఏనుగులతో పరిచయం చంద్రగుప్త మౌర్యుడి నాటిది. సంధి చేసుకున్నప్పుడు ఆయన మొదటి సెల్యూకసుకు 500 ఏనుగులను ఇచ్చాడు. అన్నిటికన్నా ఎత్తుగా, రాజకవచంతో కనిపించిన ఏనుగు మీద రాజే ఉన్నాడనుకుని ఎలియాజరు దాని కిందకు దూరి కడుపులో పొడిచాడు. అది కూలి అతని మీదే పడింది. ఆ గొడవలో గోదావరి ఒడ్డు నుంచో గంగ ఒడ్డు నుంచో వెళ్ళినవాడి మునిమనవడెవరైనా ఉన్నాడా అని ఆ వాక్యం చదివినప్పుడల్లా నేను ఆలోచిస్తాను.

క్రీ.పూ. 160లో యూదా యుద్ధంలో మరణించాడు. ఇక్కడి నుంచి కథ రంగు మారుతుంది. తమ్ముడు యోనాతాను క్రీ.పూ. 152లో ప్రధాన యాజక పదవిని స్వీకరించాడు. ఆ పదవిని ఇచ్చినవాడు సెల్యూకసు సింహాసనం కోసం పోటీపడుతున్న అలెగ్జాండర్ బాలస్. ఏ సింహాసనం మీద తిరగబడ్డారో ఆ సింహాసనం ఆశించేవాడి చేతి మీదుగా ఆ ఇంటికి పదవి వచ్చింది. తరువాత సీమోను పన్నుల భారం తొలగించుకుని దాదాపు స్వతంత్ర పాలన తెచ్చాడు. ప్రజలు అతణ్ణి నాయకుడిగా, ప్రధాన యాజకుడిగా ఒప్పుకుంటూ, నమ్మదగిన ప్రవక్త ఒకడు వచ్చేవరకు అనే షరతును కూడా శాసనంలో చేర్చారు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా వివేకంగా కనిపించేది ఆ షరతే. సీమోనును యెరికో దగ్గర విందులో సొంత అల్లుడే చంపించాడు.

సీమోను కొడుకు యోహాను హిర్కానస్ గెరిజీము కొండ మీది సమరయుల ఆలయాన్ని నాశనం చేశాడు, దక్షిణాన ఇదూమయ ప్రజలను సున్నతి చేయించుకుని యూదు మతంలోకి రావాలని బలవంతపెట్టాడు. మతాన్ని బలవంతంగా మార్చడానికి ఒప్పుకోక కొండలెక్కిన మత్తతియకు ఇతను సొంత మనవడు. హిర్కానస్ కొడుకు అరిస్టొబులస్ రాజు అనే బిరుదు ధరించాడని, తల్లిని చెరసాలలో ఆకలితో చావనిచ్చాడని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. కొడుకులకు గ్రీకు పేర్లు పెట్టుకోవడం అప్పటికే మామూలు అయింది.

అరిస్టొబులస్ తరువాత రాజైన అతని తమ్ముడు అలెగ్జాండర్ యన్నాయి కాలంలో పరిస్థితి మరింత చెడింది. పర్ణశాలల పండుగనాడు అతను బలిపీఠం దగ్గర నిలబడి ఉండగా, పండుగ కోసం చేతిలో పట్టుకున్న మాదీఫలాలను జనం అతని మీదకు విసిరారు. దానికి బదులుగా అతను వేలమందిని చంపించాడు. తరువాత తన ప్రత్యర్థులలో 800 మందిని సిలువ వేయించి, వారి భార్యాపిల్లలను వారి కళ్ళ ముందే చంపిస్తూ, తాను విందులో కూర్చున్నాడని జోసీఫస్ చెబుతాడు. స్వయంగా ఆ వంశపు రక్తం తనలో ఉందని గర్వంగా చెప్పుకున్న చరిత్రకారుడు ఇది రాశాడని గుర్తుంచుకోవాలి.

ఈ వరుసలో నేను మనస్ఫూర్తిగా ఇష్టపడే పాలకురాలు ఒకరున్నారు. యన్నాయి మరణించాక అతని భార్య షెలోంజియోన్ క్రీ.పూ. 76 నుంచి 67 వరకు రాణిగా పాలించింది. భర్త వేధించిన పరిసయ్యులు అనే యూదు మతవర్గంతో రాజీ కుదుర్చుకుంది. ఆమె రోజులలో సరైన వేళకు వానలు పడి గోధుమ గింజలు మూత్రపిండాలంత పెద్దవయ్యాయని, వాటిని రాబోయే తరాల కోసం నమూనాగా దాచిపెట్టారని పాత యూదు గ్రంథాలు చెబుతాయి. ఈ ఇంటి పురుషుల మీద అంత నిర్దయగా మాట్లాడే సంప్రదాయం ఆమె గురించి మాట్లాడినప్పుడు పంటల గురించి మాట్లాడుతుంది. యెరూషలేము నడిబొడ్డున ఆమె పేరు మీద ఒక వీధి ఉంది. దాని ఫలకాన్ని ఇప్పుడు మీకు చూపిస్తున్నాను.

ఆమె కొడుకులిద్దరూ సింహాసనం కోసం కొట్టుకుని, తీర్పు చెప్పమని రోమన్ సేనాని పాంపే దగ్గరకు వెళ్ళారు. ఆయన క్రీ.పూ. 63లో యెరూషలేమునే పట్టుకున్నాడు. చివరి రాజు, మన నాణెం మీది దీపస్తంభాన్ని ముద్రించిన ఆంటిగోనస్‌ను రోమన్లు క్రీ.పూ. 37లో చంపారు. వారి అండతో రాజైన హేరోదు పూర్వీకులు హిర్కానస్ బలవంతంగా మతం మార్పించిన ఇదూమయ ప్రజలవారే. అతను ఆ వంశపు రాకుమార్తె మరియమ్నేను పెళ్ళాడాడు, ఆమె తమ్ముణ్ణి యెరికోలోని కొలనులో ముంచి చంపించాడు, చివరకు ఆమెనూ చంపించాడు.

యూదు పండితుల బోధల, చర్చల సంకలనమైన టాల్ముడ్‌లోని బాబా బత్రా భాగం ఈ అంతాన్ని మరోలా చెబుతుంది. హేరోదు హస్మోనీయుల ఇంటిలో దాసుడట. యజమానులందరినీ చంపి, పెళ్ళి చేసుకోవాలని ఒక్క పిల్లను మిగిల్చాడట. ఆ పిల్ల మేడ మీదకు ఎక్కి, ఇకపై నేను హస్మోనీయుల ఇంటివాణ్ణని ఎవరు చెప్పుకున్నా వాడు దాసుడే, ఆ ఇంటిలో మిగిలినదాన్ని నేనొక్కదాన్నే అని అరిచి కిందకు దూకిందట. చరిత్రలో ఆ వంశపు రక్తం మరియమ్నే మనవడు మొదటి అగ్రిప్ప వరకు, ఆ తరువాత కూడా సాగింది. అయినా పండితులు దాచుకున్న కథ మాత్రం ఇది. ఆ పేరును ఇక ఎవరూ వారసత్వంగా చెప్పుకోకూడదని వారు తలుపు మూసేశారని నాకు అనిపిస్తుంది. దావీదు రాజు పుట్టిన యూదా గోత్రానికి చెందవలసిన రాజ్యాన్ని యాజకులు తీసుకున్నందుకే ఆ ఇల్లు శిక్షకు గురైందని 13వ శతాబ్దపు పండితుడు నహ్మనీదెస్ కూడా రాశాడు.

ఇప్పుడు కిటికీలో వెలుగుతున్న దీపాలను చూడండి. మొదటి రాత్రి ఒకటి, ప్రతి రాత్రీ మరొకటి చేర్చుతూ ఎనిమిదవ రాత్రికి ఎనిమిది వెలిగిస్తారు. వెలిగించడానికి వాడే దీపం వేరుగా ఉంటుంది. ఒక్క రోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ టాల్ముడ్‌లో ఉంది గాని, మక్కబీయుల మొదటి గ్రంథంలో లేదు. ఆ గ్రంథం హీబ్రూ బైబిలులో చేరలేదు. గ్రీకులో నిలిచి, క్రైస్తవుల ద్వారా మన వరకు వచ్చింది. పండితులు కత్తిని పక్కకు జరిపి దీపాన్ని ముందుకు తెచ్చారు, కాని ఈ ఎనిమిది రోజులు చేసే ప్రార్థనలో హస్మోనీయుడైన మత్తతియ, అతని కొడుకులు అన్న పేరును అలాగే ఉంచారు. ఆ పేరును సుత్తిలా చేతబట్టినవారు ఆధునిక కాలపు యూదులు. బలమైన దేహం కావాలని 1898లో బాసెల్‌లో యూదు నాయకుడు మాక్స్ నోర్డౌ పిలుపునిచ్చిన తరువాత వచ్చిన క్రీడా సంఘాలు పాత యోధుల పేర్లు వెతుక్కున్నాయి. రాజులను వదిలి, అన్నదమ్ముల తరం పేరును ఎంచుకున్నాయి. నేను చూసుకునే పెద్దావిడ ఆసుపత్రికి తీసుకువెళ్ళే కార్డు మీద అలా మక్కబీ చేరింది.

మన తెలుగువారిలో ఈ కథను చదవాలనుకునేవారికి ఒక మాట. ప్రొటెస్టెంట్ సంఘాలలో వాడే పరిశుద్ధ గ్రంథములో మక్కబీయుల గ్రంథాలు ఉండవు, కతోలిక సంఘం వాడే తెలుగు బైబిలులో రెండూ ఉంటాయి. యోహాను సువార్త 10వ అధ్యాయంలో, శీతకాలంలో యెరూషలేములో జరుగుతున్న ఆలయ ప్రతిష్ఠ పండుగ అని వచ్చేది ఈ హనుక్కాయే. మొదటి గ్రంథం 2వ అధ్యాయం నుంచి 4వ అధ్యాయం వరకు చదివితే మోదియీన్ నుంచి ఆలయ ప్రతిష్ఠ వరకు పూర్తవుతుంది, ఏనుగుల యుద్ధం 6వ అధ్యాయంలో ఉంది. ప్రజలు సీమోనుకు పెట్టిన షరతు 14వ అధ్యాయంలో, 41వ వచనంలో కనిపిస్తుంది.